ఐదు శ్రుతిలో హమ్ము: ఒక హెడ్‌ఫోన్ ఆంప్ డైరీ

దసరా బోనసుతో బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో కొన్నాను, 250 ఓములది. చెవి కప్పులకి బయటివైపు జాలీ ఉండే రకం. నేను వింటుంటే పక్కవాళ్లకీ వినపడుతుంది, ఇంట్లో వాళ్ల మాటలు నాకూ వినపడతాయి. ఫోనుకి యూఎస్‌బీ డాంగిల్ తగిలించి వింటే సినిమా పాటలకి ఏ లోటూ లేదు. పాత కచేరీ రికార్డింగు పెడితేనే చిక్కు. వాల్యూం చివరికంటా తోసినా ఆలాపన దగ్గర ఇంకాస్త ఉంటే బాగుండనిపిస్తుంది.

"250 ఓములంటే ఆంప్ ఉండాల్సిందే" అని అందరూ అనే మాటే. ఆంప్ అంటే యాంప్లిఫయర్, సిగ్నల్ బలం పెంచే డబ్బా. నేను ముందు కాగితం తీశాను. ఈ హెడ్‌ఫోనుకి 1 మిల్లీవాటు ఇస్తే 96 డెసిబెల్స్ మోగుతుందని కంపెనీ లెక్క. 250 ఓముల మీద 1 మిల్లీవాటు అంటే అర వోల్టు. మామూలు డాంగిల్ గట్టిగా ఇస్తే 1 వోల్టు దాకా ఇస్తుంది, అంటే 4 మిల్లీవాట్లు, 102 డెసిబెల్స్. ఆ మోత ఎక్కువసేపు వింటే చెవులకే ప్రమాదం. మరి చాలనట్టు ఎందుకుంది? కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం దెబ్బకీ, ఆలాపన సన్నటి గమకానికీ మధ్య 20 డెసిబెల్స్ తేడా ఉండటం మామూలే. దానికి తోడు ఆ రికార్డింగే తక్కువ లెవెల్లో ఉంటే 102లో చాలా భాగం అక్కడే కరిగిపోతుంది.

ఆంప్ కొనొచ్చు. కానీ టంకం వాసన చూసి చాలా ఏళ్లయింది. ఆబ్జెక్టివ్2 అనే డిజైన్ ఉంది, అందరూ ఓ2 అంటారు. పేరు చెప్పుకోని ఒక ఇంజనీరు 2011లో సర్క్యూటు, పార్టుల లిస్టు, కొలతలు అన్నీ బయటపెట్టాడు. 2012లో మాయమైపోయాడు, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. డిజైన్ మాత్రం బతికే ఉంది. పార్టులు గుచ్చుకునే సర్క్యూటు బోర్డు, ఖాళీ పీసీబీ, తెప్పించుకున్నాను.

శనివారం, కోఠీ

ఆదివారం వెళ్తే గల్లీలో షట్టర్లు చూసి రావాలి, అందుకే శనివారం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, సుల్తాన్ బజార్‌లో దిగాను. అక్కణ్ణుంచి గుజరాతీ గల్లీకి నడకే. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఐసీ సాకెట్లు, వైర్లు పావుగంటలో అయిపోయాయి. అసలు కథ కరెంటు దగ్గర మొదలైంది.

ఓ2కి డీసీ అడాప్టర్ పనికిరాదు. గోడలోంచి 230 వోల్టుల ఏసీ తీసుకుని, అటు కూడా ఏసీనే ఇచ్చేది కావాలి. ఆ ఏసీలో పైకి లేచే సగంతో ప్లస్ వైపు కెపాసిటర్, కిందికి దిగే సగంతో మైనస్ వైపు కెపాసిటర్ నింపుకుని, ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క తీగచుట్టలోంచే ప్లస్ 12, మైనస్ 12 రెండూ తయారుచేసుకుంటుంది. డీసీ ఇస్తే ఒక పక్కే నిండుతుంది.

మొదటి షాపులో "అన్నా, ఏసీ టు ఏసీ అడాప్టర్ ఉందా, 15 వోల్టులది?" అన్నాను.

"ఏసీకా? స్టెబిలైజర్ పక్క షాపుల దొరుకుతది."

రెండో షాపులో నా చేతిలో డీసీది పెట్టి "అందరూ ఇదే కొంటరు" అన్నాడు. మూడో షాపు పెద్దాయన మాత్రం మొత్తం విని, కళ్లజోడు పైకి తోసుకుని, "అట్లాంటిది ఎవరూ అడగరు బేటా. ట్రాన్స్‌ఫార్మర్ తీసుకపో, నువ్వే డబ్బాల పెట్టుకో" అన్నాడు. 15-0-15, 500 మిల్లీ ఆంపులది. 180 రూపాయలు. మధ్య తీగ, ఒక చివర తీగ వాడుకుంటే 15 వోల్టులు. రెండో చివరకి టేపు చుట్టి వదిలేయడమే.

ఐసీల దగ్గర ఇంకో ముచ్చట. నాకు కావాల్సింది ఎన్‌జేఎం 4556ఏ. "4558 ఉంది, రెండూ ఒకటే" అన్నారు. కాళ్లు అవే, వరస అదే, సాకెట్లో పెడితే కూర్చుంటుంది కూడా. కానీ 4558 మన లోకల్ ఆంప్ బోర్డులన్నింట్లో కనపడే చిన్న సిగ్నల్ ఐసీ. 4556ఏలో రెండు సగాలు, ఒక్కోటీ ఒక చిన్న ఆంప్. ఒక్కో సగం 70 మిల్లీ ఆంపుల దాకా తోయగలదు, హెడ్‌ఫోన్ లాగాలంటే ఆ కండ ఉండాలి. ఓ2లో ఒక్కో చెవికి అలాంటి సగాలు రెండేసి, జోడెడ్లలాగా. వాటిని ఆన్‌లైన్లో తెప్పించాను. నాలుగు రోజులు ఆగాల్సొచ్చింది.

టంకం, మూడు సాయంత్రాలు

రాయడానికి పెద్దగా లేదు, ఒక్క విషయం తప్ప. 1 శాతం రెసిస్టర్ల నీలం ఒంటిమీద గోధుమరంగు చారకీ, ఎరుపు చారకీ ట్యూబ్‌లైట్ కింద తేడా తెలియదు. 274 ఓములది, కిలో ఓముది, కిలోన్నరది. మూడూ గెయిన్‌ని నిర్ణయించేవే, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరగాలో చెప్పేవి. ఒకటి అటూ ఇటూ అయితే ఎడమ చెవి ఒక మోత, కుడి చెవి ఒక మోత. ప్రతిదాన్నీ మల్టీమీటరుతో కొలిచి, ఇడ్లీ ప్లేటు గుంటల్లో వేరువేరుగా పోసుకుని పెట్టాను. ఆ ప్లేటు ఇంకా వంటింటికి తిరిగి వెళ్లలేదు. అమ్మ అడుగుతూనే ఉంది.

వోల్టేజిని 12 దగ్గర నిలబెట్టే రెగ్యులేటర్లు రెండూ కవలలు. 7812 ప్లస్‌కి, 7912 మైనస్‌కి. చూడ్డానికి ఒకటే, కాళ్ల వరస మాత్రం వేరు. మొదటిదానిలో ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. రెండోదానిలో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. వెనక రేకు కూడా ఒకదానికి గ్రౌండ్, ఇంకోదానికి ఇన్‌పుట్, కాబట్టి ఆ రెండు రేకులూ తాకకూడదు. ఫోను కెమెరా జూమ్ చేసి నంబరు చదివి మరీ గుచ్చాను. అయినా ఒకసారి తారుమారు చేసి, టంకం పెట్టబోయే ముందు చూసుకున్నాను. రాత్రి పది దాటాక రెగ్యులేటర్ల జోలికి పోకూడదు.

కరెంటు పెట్టిన రోజు

సాకెట్లలో ఐసీలు పెట్టకుండా, సిరీస్ బల్బు బోర్డు ద్వారా కరెంటు ఇచ్చాను. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండేదే, లైనుకి వరసలో ఒక పాత ఫిలమెంటు బల్బు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతికిపోతుంది. క్షణం ఎర్రగా మినుక్కుమని ఆరిపోయింది. అమ్మయ్య.

ప్లస్ వైపు 11.96, మైనస్ వైపు 12.04. కరెంటు తీసేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఐసీలు గుచ్చి, మళ్లీ కరెంటు. ఇప్పుడు హెడ్‌ఫోన్ జాక్ దగ్గర డీసీ ఎంతుందో చూడాలి. ఇది వదిలేయకూడని కొలత. ఏదైనా ఐసీ పోయి అవుట్‌పుట్ మీద వోల్టుల కొద్దీ డీసీ కూర్చుంటే హెడ్‌ఫోన్ కాయిల్ మాడిపోతుంది. ఎడమ 3.0 మిల్లీవోల్టులు, కుడి 3.4. భయం లేదు. అయినా ముందు బలిచ్చింది ఎప్పుడో ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్లనే. అవి బతికాక డీటీ 990 పెట్టాను.

టేబుల్ మీద అన్నీ పరిచి ఉన్నాయి. అట్టముక్క మీద పీసీబీ, మూర దూరంలో ట్రాన్స్‌ఫార్మర్. రాత్రి పదకొండు. ఒక పాత కచేరీ పెట్టాను.

మొదటి అరగంటలో నోటుబుక్కులో రాసుకున్నది ఉన్నదున్నట్టు: "మృదంగం గుమ్కీ కడుపులో తగులుతోంది. వయొలిన్ కమాను తిప్పిన చోటు తెలుస్తోంది. హాల్లో ఎవరో దగ్గారు. ఇన్నాళ్లూ నేను విన్నదేంటి?"

ఈ మాటలు గుర్తుపెట్టుకోండి, వీటి సంగతి తర్వాత తేలుస్తాను. ఒక్కటి మాత్రం ఆ రాత్రే తెలిసింది. ఈ హెడ్‌ఫోనుకి "స"లూ "ష"లూ కాస్త కత్తిలా తగిలే గుణం ఉంది, పై శ్రుతుల దగ్గర ఎత్తుగా ఉంటుంది. ఆంప్ పెడితే అది మెత్తబడుతుందని ఆశపడ్డాను. మెత్తబడలేదు.

డబ్బాలో పెట్టాను, హమ్ము మొదలైంది

అల్యూమినియం డబ్బా తెచ్చి, రంధ్రాలు వేసి, ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా అంతా లోపల కూర్చోబెట్టాను. 230 వోల్టులు లోహపు డబ్బాలోకి వెళ్తున్నాయి కాబట్టి త్రీపిన్ ప్లగ్గు ఎర్తు తీగని డబ్బాకి గట్టిగా బిగించాను. ఇక్కడిదాకా తప్పులేదు. ఇన్‌పుట్ జాకులు కూడా లోహపువే, అవీ డబ్బానే తాకుతున్నాయి. ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

కంప్యూటర్‌కి తగిలించి హెడ్‌ఫోన్ పెట్టుకోగానే గుయ్‌య్‌మని ఒకటే మోత.

అమ్మ టీ తెచ్చి, నా మొహం చూసి, హెడ్‌ఫోన్ లాక్కుని తను పెట్టుకుంది. చిన్నప్పుడు ఆరేళ్లు సంగీతం నేర్చుకుంది, ఇప్పటికీ శ్రుతి అంటే చెవి అక్కడే ఉంటుంది. కళ్లు మూసుకుని విని, "తంబూరా యాప్ పెట్టావురా? ఐదు శ్రుతి... కాదు, దానికి కొంచెం పైన ఉంది. సరిగ్గా పెట్టుకో" అంది.

నాకు నవ్వాగలేదు, కానీ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మన కరెంటు 50 హెర్ట్జ్. ఐదు శ్రుతి షడ్జమాన్ని కింది స్థాయిలకి దించుకుంటూ పోతే 49 దగ్గర ఆగుతుంది. దాని మీద స్థాయి 98, కరెంటు రెట్టింపు 100. ఐదుకి కొంచెం పైన, అంతే. మీటరు తియ్యకుండా మా అమ్మ మెయిన్స్ ఫ్రీక్వెన్సీ చెప్పేసింది.

ఇక పట్టుకోవడం. వాల్యూం సున్నాకి తిప్పాను. హమ్ము తగ్గలేదు. అంటే పాట్, అదే వాల్యూం నాబ్ వెనకుండే పార్టు, దాని తర్వాతి భాగంలోకే చొరబడుతోంది. కంప్యూటర్ తీగ పీకేశాను. సగం తగ్గింది, సగం మిగిలింది. అంటే దొంగలు ఇద్దరు.

మిగిలిన సగం ట్రాన్స్‌ఫార్మర్‌ది. టేబుల్ మీద మూరెడు దూరంలో ఉన్నది డబ్బాలో బోర్డుకి నాలుగు వేళ్ల దూరానికి వచ్చింది. ఈ చౌకరకం రేకుల ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ అయస్కాంత క్షేత్రం బాగా కారుతుంది. స్క్రూలు విప్పి, తీగల మొనలన్నింటికీ స్లీవులు తొడిగి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ విన్నాను. సరిగ్గా 90 డిగ్రీలు తిప్పేసరికి హమ్ము దాదాపు పడిపోయింది, ఇంకాస్త తిప్పితే మళ్లీ లేచింది. పాత రేడియోలో స్టేషన్ పట్టినట్టు ఉంది ఆ పని.

రెండో దొంగ ఎర్తు. కంప్యూటర్ త్రీపిన్‌దే, నా డబ్బా త్రీపిన్‌దే. ఒకటి టేబుల్ పక్క సాకెట్లో, ఇంకోటి తలుపు పక్క సాకెట్లో. గోడల్లో ఎర్తు తీగ ద్వారా ఒక దారి, ఆడియో కేబుల్ పై తొడుగు ద్వారా ఇంకో దారి, రెండూ కలిసి పెద్ద ఉంగరం. ఆ ఉంగరంలో తిరిగే కరెంటు నా చెవిలో శ్రుతి పెడుతోంది.

దీనికి తెలిసినవాళ్లు చెప్పే వైద్యం ఒకటుంది, "ప్లగ్గు పై పిన్ను విరిచెయ్, పోతుంది" అని. నిజమే, హమ్ము పోతుంది. ఏదో ఒక రోజు లోపల తీగ ఊడి డబ్బాకి తగిలితే మనిషి కూడా పోతాడు. ఆ సలహా ఇచ్చిన ఇద్దరితో గట్టిగానే మాట్లాడాను.

ట్రాన్స్‌ఫార్మర్‌ని పూర్తిగా బయటికి తెచ్చేశాను. మందపాటి ప్లాస్టిక్ జంక్షన్ డబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్, గాజు ఫ్యూజు, స్విచ్చు. 230 వోల్టుల సంగతంతా అక్కడే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఆంప్‌కి వెళ్లేది 15 వోల్టుల రెండు తీగలే, కాబట్టి ఆంప్ డబ్బాకి ఎర్తుతో పనిలేదు. ఉంగరం తెగింది. డిజైన్ చేసినాయన గోడకి తగిలించే అడాప్టర్ పెట్టమన్నది ఇందుకే అయి ఉంటుంది. ఆయన మాట వినుంటే వారం మిగిలేది.

ఇప్పుడు వాల్యూం పూర్తిగా పెంచి, పాట ఆపి వింటే ఏమీ లేదు. 16 ఓముల ఇయర్‌ఫోన్లతో కూడా లేదు. ఫ్యాన్ ఆపితే గోడ గడియారం వినిపించింది.

నాబ్ తగ్గించినా తగ్గని గరగర

కొత్త డ్యాక్ ఒకటి వచ్చింది, డిజిటల్ పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చే డబ్బా, 2 వోల్టులు ఇచ్చే రకం. తగిలించి, గెయిన్ స్విచ్చు ఎక్కువ వైపు నొక్కాను. పాట పైకి లేచిన ప్రతి చోటా గరగర. నాబ్ తగ్గించాను. మోత తగ్గింది, గరగర అలాగే ఉంది. ఐసీ పోయిందని గుండె ఝల్లుమంది.

పోలేదు. ఓ2లో ముందు పెంచుతుంది, ఆ తర్వాత వాల్యూం పాట్. ఎక్కువ వైపు స్విచ్చు అంటే ఆరున్నర రెట్లు. 2 వోల్టులని ఆరున్నరతో హెచ్చవేస్తే 13. కానీ ప్లస్ మైనస్ 12 వోల్టుల మీద నడిచే ఆ పెంచే ఐసీ శుభ్రంగా ఇవ్వగలిగింది దాదాపు 7 వోల్టులే. తల తెగిపోయిన పాట పాట్ దగ్గరికి వస్తోంది. తర్వాత ఎంత తగ్గించినా తెగిన తల అతకదు. తక్కువ వైపు, అంటే రెండున్నర రెట్లయితే 5 వోల్టులు. గొడవ లేదు.

కానీ ఆ తక్కువ గెయిన్ కూడా నాకు ఎక్కువే. నాబ్ ఎనిమిదిన్నర గంటల చోట ఉండగానే చెవులు చాలంటున్నాయి, ఆ మొదట్లో పాట్ రెండు వైపులా సమానంగా తిరగదు. ఎడమ చెవిలో గాయకుడు, కుడి చెవిలో ఆయన నీడ. ఆరున్నర రెట్లు ఇచ్చే 274 ఓముల రెసిస్టర్లు రెండూ పీకేశాను. అవి లేకపోతే ఆ వైపు గెయిన్ సరిగ్గా 1 అవుతుంది. 2 వోల్టులు వస్తే 2 వోల్టులు పోతాయి. ఈ హెడ్‌ఫోనుకి 2 వోల్టులంటే 16 మిల్లీవాట్లు, 108 డెసిబెల్స్. నాబ్ ఇప్పుడు పన్నెండు గంటల దగ్గర హాయిగా కూర్చుంది, రెండు చెవులూ సమానం.

బావమరిది పరీక్ష

వీకెండ్‌కి బావమరిది వచ్చాడు. కళ్లు మూసుకుని వింటాను, నువ్వు తీగలు మార్చు అన్నాను. మొదటి రాత్రి నోటుబుక్కులో రాసుకున్న ఆ గుమ్కీ సంగతి తేల్చాలి కదా.

డ్యాక్ పక్కన పెట్టాం. ఒకటే డాంగిల్, ఒకసారి సూటిగా హెడ్‌ఫోనుకి, ఒకసారి ఆంప్ ద్వారా. ముందు నాకు నచ్చినంత పెట్టుకుని విన్నాను. ప్రతిసారీ ఆంపే బాగుంది. ఇప్పుడు కొలిచాం. నా పసుపురంగు మల్టీమీటరులో ఏసీ 200 వోల్టుల నుంచే మొదలు, దేనికీ పనికిరాదు. ఆఫీసు నుంచి మంచిది అడిగి తెచ్చుకున్నాను. 400 హెర్ట్జ్ టోన్ పెట్టి జాక్ దగ్గర చూస్తే డాంగిల్ వైపు 0.40 వోల్టులు, ఆంప్ వైపు 0.56. దాదాపు 3 డెసిబెల్స్ తేడా. ఎక్కువ మోతగా ఉందని అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. చెవి చేసే మోసమే అది.

రెండూ 0.40కి సరిచేసి మళ్లీ విన్నాను. 12 సార్లలో 7 సార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసినా అన్ని వస్తాయి. గుమ్కీ రెండింట్లోనూ కడుపులో తగిలింది. హాల్లో ఆ దగ్గు డాంగిల్‌లో కూడా ఉంది, ఇన్నాళ్లూ నేను పట్టించుకోలేదంతే.

తేడా కనపడిన చోటు ఒక్కటే, ఆ తక్కువ లెవెల్ కచేరీ. డాంగిల్ చివరికంటా పోయి ఆగిన చోట, ఆంప్ రెండున్నర గెయిన్ మీద ఇంకా సగం నాబ్ చేతిలో ఉంచుకుని పాడుతోంది. నేను మొదట అడిగింది కూడా అదే.

బావమరిది గెయిన్ స్విచ్చు చూసి, "ఇటు పక్క ఎన్ని రెట్లు బావా?" అన్నాడు.

"ఒకటి."

"అంటే నెలరోజులు కూర్చుని ఒకటితో హెచ్చవేసే డబ్బా చేశావా?"

వోల్టేజి పెంచకపోయినా కరెంటు తనే మోస్తుందనీ, 250 ఓములకి 2 వోల్టుల మీద 8 మిల్లీ ఆంపులే అయినా 32 ఓముల హెడ్‌ఫోన్ పెడితే 60 దాటుతాయనీ, డ్యాక్ లైన్ అవుట్ అంత మొయ్యలేదనీ, అవుట్‌పుట్ నిరోధం అర ఓమే కాబట్టి ఏ హెడ్‌ఫోన్ పెట్టినా స్వరం వంకర పోదనీ చెప్పాను. సగంలోనే వాడు ఫోను తీశాడు.

నిన్న రాత్రి

పన్నెండున్నర. కొత్త కచేరీ ఒకటి పెట్టి పడుకోబోతున్నాను. పాట మొదలవకముందే సన్నగా హమ్ము. మళ్లీనా! దీపం వేసి, స్క్రూడ్రైవర్ తీసి, డబ్బా మూడు స్క్రూలు విప్పేశాను. అలికిడికి అమ్మ లేచి వచ్చింది. హెడ్‌ఫోన్ ఆవిడ చేతికిచ్చి, "చూడమ్మా, మళ్లీ వచ్చింది" అన్నాను.

విని, నా వైపు ఒక చూపు చూసింది. "తంబూరారా అది. ఒకటిన్నర శ్రుతి" అని, హెడ్‌ఫోన్ తియ్యకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. వర్ణం అయ్యేదాకా ఇవ్వలేదు.

ఇంకా ఉన్న పనులు: ముందు ప్యానెల్లో ఎల్‌ఈడీ కంత పెద్దదైంది, వాషర్ వెయ్యాలి. నాబ్ గీత కనపడటం లేదు, తెల్ల గీత ఉన్నది కావాలి. రబ్బరు కాళ్లు నాలుగు. అమ్మ కూర్చునే కుర్చీదాకా అందేలా ఎక్స్‌టెన్షన్ తీగ. వచ్చే శనివారం మళ్లీ కోఠీ. ఇడ్లీ ప్లేటు ఈ రాత్రికి కడిగి ఇచ్చేస్తాను.